సౌండు తీసెయ్, తమ్మీ

మొన్న ఆదివారం ముగ్గురు కుర్రవాళ్లు మా ఇంటికొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మెట్టుగూడలో మా వాటా పెద్దదేం కాదు. వాళ్ల లైట్ల స్టాండ్లకి చోటు చాలక మా ఆవిడ డైనింగ్ టేబుల్‌ని బాల్కనీలోకి జరపాల్సి వచ్చింది. మొహం మీదికి గుండ్రటి లైటు, చొక్కాకి చిన్న మైకు. ఆ మైకు పెట్టిన తీరు చూసి నాకు చెయ్యి దురద పుట్టింది గానీ ఊరుకున్నాను. బతుకంతా ఇతరుల చొక్కాలకి మైకులు పెట్టినవాణ్ణి, నాకొకరు పెట్టడం అదే మొదటిసారి.

"సార్, ఆవిడ గురించి చెప్పండి. పుట్టింది ఎక్కడ, చదివింది ఏంటి, ఎన్ని డాక్యుమెంటరీలు తీశారు, ఏం అవార్డులొచ్చాయి... రెండు నిమిషాల్లో," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

పోయిన చలికాలంలో అక్క చనిపోయింది. సొంత అక్క కాదు, నేను సౌండు పని చేసింది ఆమె దగ్గరే. డాక్యుమెంటరీలు తీసిన ఆమె మీద వీళ్లు ఇప్పుడొక డాక్యుమెంటరీ తీస్తున్నారట. మంచి పనే. నాకు మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. పుట్టింది సికింద్రాబాద్‌లోనే అన్నాను. గొంతు సవరించుకున్నాను. మంచినీళ్లు తాగాను. చివరికి "చాలా గొప్ప వ్యక్తి" అన్నాను. అక్క గనక వినుంటే నన్ను నడిరోడ్డు మీద తన మోపెడ్ మీంచి దింపేసి వెళ్లిపోయేది. కుర్రవాళ్లు మర్యాదగా థాంక్స్ చెప్పి సామాను సర్దుకున్నారు.

వాళ్లటు వెళ్లగానే మా ఆవిడ నా ముందు చిక్కుడుకాయల గిన్నె పెట్టింది. నాలుగు కాయలకి ఈనెలు తీశానో లేదో, అక్క మొత్తం గుర్తుకొచ్చేసింది. నాలో నేనే నవ్వుకున్నాను. ఆమె జీవితమంతా మొత్తుకున్నది ఇదే కదా. "కూసోవెట్టి అడిగితె మనిషి ఇంటర్వ్యూ ఇస్తడు తమ్మీ. చేతికేదన్న పనియ్యి, ముచ్చట జెప్తడు" అనేది.

పనిలో చేరిన మొదటిరోజు నేను ఆమెని "మేడమ్" అన్నాను. "మేడమేంది, ఇదేమన్న ఇస్కూలా? అక్కా అను," అంది. అంతే, ఆ రోజు నుంచి అక్క. ఆమెది రెజిమెంటల్ బజార్, తాతల నాటి నుంచి అక్కడే. మావాళ్లు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. "మీరు గారెలు మంచిగ చేస్తరు, మాటలు మాత్రం జెర తిప్పి చెప్తరు," అని నన్ను ఏడిపించేది. కెమెరా సంచి మెడలో, ట్రైపాడ్ కాళ్ల దగ్గర అడ్డంగా, నేను వెనక. ఆ మోపెడ్ మీద మేము వెళ్లని బస్తీ లేదు.

ఏం తీస్తుంది మీ అక్క అని మా అమ్మ అడిగింది ఒకసారి. ఇళ్లలో మనుషులు ఎలా ఉంటారో తీస్తుంది, బయటికి చెప్పుకోని సంగతులు, అన్నాను.

"అంటే పక్కింటి గోడ మీంచి తొంగి చూడ్డమేగా! దానికో కెమెరా కూడా ఎందుకురా?" అంది అమ్మ.

ఇది వెళ్లి అక్కకి చెప్పాను, కోపమొస్తుందేమో చూద్దామని. పడీ పడీ నవ్వింది. "అమ్మ కరెక్ట్ చెప్పింది. కానీ నేను గోడ మీదికెళ్లి తొంగిచూడ. తలుపు గొట్టి, లోపలికి రావొచ్చా అని అడుగుత. గంతే తేడా," అంది. ఆ తర్వాత మా అమ్మ చేతి గారెలు తినడానికి వచ్చి, మా అమ్మ చేత మా నాన్న గురించి నేనెన్నడూ వినని సంగతులు చెప్పించుకుని వెళ్లింది. కెమెరా తేలేదు, అదృష్టం.

ఆమె తీసినవన్నీ అలాంటివే. భార్య పోయాక వంట నేర్చుకున్న మగవాళ్ల మీద ఒకటి తీసింది. అందులో ఒక ముసలాయన ఉప్మా ఉండకట్టిందని పొయ్యి ముందు నిలబడి భార్య ఫొటోని తిట్టే సీనుంది. మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒకే ఇంట్లో, ఒకే స్నానాలగది వాడుకుంటూ ఎలా బతికారో ఇంకొకటి. పెద్ద విషయాల మీద తీయొచ్చుగా అక్కా, డబ్బులిచ్చేవాళ్లు కూడా దొరుకుతారు అంటే, "పెద్దయి తీసెటోళ్లు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు తక్లీఫ్ ఎందుకియ్యాలె," అనేది.

కొత్త ఇంటికి వెళ్తే కుర్చీలో కూర్చునేది కాదు. సరాసరి వెళ్లి గడప మీద కూర్చునేది. తెలుగు ఇంట్లో గడప మీద కూర్చుంటే ఊరుకునే పెద్దవాళ్లుంటారా? రెండు నిమిషాల్లో లోపల్నించి ఎవరో ఒకరు గయ్యిమని లేచేవాళ్లు. "గడప మీద గూసుంటరా ఆడివిల్ల? లే, లోపటికి రా," అని. అక్క బుద్ధిగా లేచి, తిట్టినామె వెనకే వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇన్నేళ్లలో ఈ నాటకం ఎన్ని గుమ్మాల్లో చూశానో! ఇదేం పద్ధతి అక్కా అని అడిగితే, "ఒకసారి తిట్టినంక మనం పరాయోళ్లం గాము తమ్మీ," అంది. తొలి నాలుగైదు సార్లు కెమెరా తెచ్చేది కాదు. బియ్యంలో రాళ్లేరేది, ఆరిన బట్టలు మడతపెట్టేది, తిట్లు తినేది. నేను చేతులు కట్టుకుని నిలబడితే నాకూ ఏదో ఒక పని అంటగట్టేది. సౌండు రికార్డిస్టునని చెప్పుకుని ఎంతమంది ఇళ్లలో వెల్లుల్లి ఒలిచానో నాకే తెలుసు.

నేపథ్య సంగీతమంటే ఆమెకి మంట. "ఏడ్పు ఒస్తె వాళ్లకే ఒస్తది, మనం వయొలిన్ వెట్టి గుంజుడేంది?" అనేది. అందుకే నా శబ్దాలకి విలువ ఉండేది ఆమె దగ్గర. కుక్కర్ కూత, గాజుల చప్పుడు, పక్కింటి కుళాయి, మాట ఆగిపోయిన చోట ఫ్యాను తిరిగే మోత. వాటిని నేను పట్టుకొస్తే కళ్లు మూసుకుని వినేది. ఈ ఒక్క విషయంలో నాకు గర్వం ఉండేది, దాచుకోను.

అక్కకి లోపాలూ ఉన్నాయి. మొండిది. భోజనం సంగతి మర్చిపోయేది, మాకూ పెట్టేది కాదు. కానీ ఒక నియమం మాత్రం ఎన్నడూ తప్పలేదు. సినిమా ఎడిటింగ్ అయ్యాక, బయట ఒక్కరికీ చూపించకముందే, ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లేది. ఎవరి మీద తీసిందో వాళ్లే ముందు చూడాలి. చూశాక ఒకే ప్రశ్న అడిగేది. "తీసేయాల్సిందేమన్న ఉన్నదా?" వాళ్లు ఏది తీసేయమంటే అది తీసేసేది. ఎందుకు అని అడిగేది కాదు. నేను దీన్ని పెళ్లిచూపులు అని వెక్కిరించేవాణ్ణి. ఆ చూపుల్లో మంచి మంచి సీన్లు ఎన్నో గాల్లో కలిసిపోయాయి. నేను గొణిగేవాణ్ణి. ఆమె మోపెడ్ స్టార్ట్ చేసేది.

ఆ నియమానికి ముప్పు వచ్చింది మౌలాలిలో.

"నిద్ర మీద సినిమా తీద్దాం తమ్మీ," అంది ఒకరోజు. చూసేవాళ్లు కూడా నిద్రపోతారు అక్కా అన్నాను. పూటంతా నాతో మాట్లాడలేదు. చివరికి మౌలాలి రైల్వే కాలనీ పక్క సందులో ఒక జంటని పట్టుకుంది. ఆయన రిటైరైన గూడ్సు బండి డ్రైవరు. కాలనీ అంతా డ్రైవర్ సాబ్ అంటారు. ఉద్యోగమంతా రాత్రి డ్యూటీలే. పెళ్లయి మనవలు పుట్టిన వయసులో, ఇప్పుడు మొదటిసారి ఆ భార్యాభర్తలు రోజూ ఒకే గదిలో పడుకోవడం నేర్చుకుంటున్నారు. ఆయనకి అర్ధరాత్రి అలవాటు ప్రకారం మెలకువొచ్చి లైటేస్తాడు. ఆమెకి లైటుంటే నిద్ర పట్టదు. పొద్దున్నే ఇద్దరూ ఎర్రటి కళ్లతో చాయ్ తాగుతూ ఒకరి మీద ఒకరు మాకు ఫిర్యాదులు చెప్పేవాళ్లు. "గిది లవ్ స్టోరీ," అని అక్క సంబరపడిపోయింది.

ఒక మధ్యాహ్నం డ్రైవర్ సాబ్ ఏదో కొనడానికి బజారుకెళ్లాడు. అమ్మ (ఆమెని మేమిద్దరం అమ్మా అనే పిలిచేవాళ్లం) వంటింట్లో మునగాకు దూస్తోంది. అక్క ఎదురుగా కూర్చుని తనూ దూస్తోంది. పక్కన స్టూలు మీద కెమెరా నడుస్తోంది. ఇష్టం లేకపోతే అరచెయ్యి అడ్డం పెడితే చాలు, ఆపేస్తామని అందరికీ చెప్పినట్టే ఆమెకీ చెప్పాం. నేను గుమ్మం దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాను. ఆమె తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"ఆయన డ్యూటీకి పోయిన రాత్రి నేను గొళ్లెం వెట్టుకొని పెద్ద మంచం మీద అడ్డంగ పండుకుంటుంటి బిడ్డా. రేడియో చిన్నగ వెట్టుకొని పల్లీలు తినుకుంట. అడిగెటోళ్లు లేరు. 'పాపం, ఒక్కతే ఉంటది' అనేటోళ్లు అందరు. నేను సుత ఔ అంటుంటి." కాసేపు ఆకు దూసింది. "రిటైరైన నాడు ఆయనకు దండలేసి, బ్యాండు వెట్టి ఇంటికి తోలుకొచ్చిన్రు. నేను వంటింట్లకొచ్చి ఏడ్చిన. సంతోషంతోని ఏడుస్తున్న అనుకున్నరు. నా రాత్రులు పొయినయని ఏడ్చిన. ఆయన మంచోడు, గందుకే ఎవ్వరికి జెప్పలె. ఆయనకసలే జెప్పలె."

చెయ్యి అడ్డం పెట్టలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ మునగాకు దూసింది. ఎదురుగా అక్కా దూస్తూనే ఉంది. సినిమా ప్రాణం ఎక్కడుందో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

ఎడిటింగ్ అయ్యాక అక్క ఫోన్ చేసింది. ఆదివారం సాయంత్రం వస్తున్నాం, మీ ఇద్దరే చూడాలి, ముందు అమ్మ చూడాలి అని విడమర్చి చెప్పింది. డ్రైవర్ సాబ్ సరే సరే అన్నాడు.

ఆదివారం మేము సందు తిరిగేసరికి అక్క బ్రేకు వేసింది. వీధికి అడ్డంగా షామియానా. కింద టెంట్ హౌస్ ఎర్ర కుర్చీలు వరసగా. చివర తెల్లటి తెర, దానికి అటూ ఇటూ నా ఎత్తున్న సౌండు బాక్సులు. ప్రొజెక్టర్ కూడా అద్దెకి తెచ్చేశారు. డ్రైవర్ సాబ్‌తో పనిచేసినవాళ్లు, కాలనీ వాళ్లు, అమ్మ చెల్లెళ్లు, అందరూ వచ్చి కూర్చున్నారు. ఒక పళ్లెంలో శాలువా కూడా కనపడింది. జిలేబీ వాసన వస్తోంది.

ఇస్త్రీ చొక్కాతో డ్రైవర్ సాబ్ ఎదురొచ్చాడు. అక్క మొహం చూసి, "ఏందీ మేడం, పరేషాన్ అయితున్నరు? మా ఇంట్ల సినిమా అయ్యె. నలుగురిని పిలువకుంట తలుపులేసుకొని సూస్తమా? నవ్వరా?" అన్నాడు. ఆయన తప్పేముంది? ఇంట్లో శుభకార్యమైతే ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు.

అమ్మ పట్టుచీర కట్టుకుని లోపల గదిలో కూర్చుని ఉంది. అక్క కనపడగానే చెయ్యి పట్టుకుని అడిగింది. "బిడ్డా, గా ముచ్చట సుత ఉన్నదా ఇండ్ల?"

"ఉన్నదమ్మా."

"నాకు పొద్దుగాల కుర్చీలు దించినప్పుడు తెలిసింది. వద్దంటె ఎందుకంటడు. ఏం జెప్పాలె?"

నేను అక్కని పక్కకి లాగాను. "ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి దాటించేస్తాను అక్కా. ఒక్క బటన్ పని."

"ఏ ముక్క? అమ్మ ఇంక సూడనే లేదు. ఇంకేమేం వద్దంటదో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"పోనీ, ప్రొజెక్టర్ కలవట్లేదని చెప్పేద్దాం."

"ఇంతమందిల గాయన ఇజ్జత్ పోదా?" అంది. బయట ఎవరో మైకులో హలో హలో అంటున్నారు. అక్క అటు చూసింది. తర్వాత చాలా మామూలుగా చెప్పింది.

"సౌండు తీసెయ్, తమ్మీ."

సౌండు పనే చేసేవాడితో అనే మాటా అది? నెలల తరబడి ఏరి తెచ్చిన కూతలు, గలగలలు, నిట్టూర్పులు అన్నీ తీసెయ్యాలట. నాకు ఒళ్లు మండింది. ఆమె నన్ను పట్టించుకోకుండా అమ్మ ముందు కూర్చుంది.

"అమ్మా, బొమ్మ వెడ్త, మాటలు వెయ్య. మైకు నీ చేతికిస్త. నీకేం జెప్పాలనిపిస్తె గది చెప్పు. వద్దంటె ఇప్పుడే అందరికి దండం వెట్టి పోత."

"నాకు మైకుల మాట్లాడుడు రాదు బిడ్డా."

"నాకు సుత రాదమ్మా."

అమ్మ కాసేపు కొంగు చివర మడతపెడుతూ కూర్చుంది. తర్వాత లేచి చీర సర్దుకుంది.

బయట అక్క రెండే మాటలు చెప్పింది. వీళ్లు చూసి సరే అనేదాకా నాకు సినిమా అయినట్టు కాదు, మాటలు అమ్మవి, అమ్మే చెప్తది అని. చెప్పి మైకు ఆమెకిచ్చేసింది. నేను ల్యాప్‌టాప్ దగ్గర సౌండు మూసేసి, మొహం మాడ్చుకుని నిలబడ్డాను.

తెర మీద వంటిల్లు వచ్చింది. "ఇది... మా వంటిల్లు," అంది అమ్మ. "మాకెర్కలేదా వదినా, రోజొస్తం గదా," అని వెనకనించి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. అంతే, షురూ అయింది. డ్రైవర్ సాబ్ అద్దం ముందు మీసాలు దువ్వుకునే సీను వస్తే, "గిది రోజు ఇంతసేపు. బండి సిగ్నల్ల ఆగినట్టె," అంది. ఆయన పాత దోస్తులు కుర్చీల్లోంచి పడిపోయేలా నవ్వారు. పొద్దున ఎర్రకళ్ల గొడవలు వస్తే ఆయన గొంతూ తన గొంతూ తనే అనుకరించి చూపించింది. నా శబ్దాలు లేవని ఒక్కరికీ గుర్తు కూడా లేదు. కాసేపటికి నేనూ మర్చిపోయాను, నిజం చెప్పాలంటే.

అప్పుడొచ్చింది మునగాకు సీను. తెర నిండా అమ్మ మొహం. పెదవులు కదులుతున్నాయి. కళ్లు తుడుచుకుంది. నవ్వులు ఆగిపోయాయి. అమ్మ మైకు పట్టుకుని తన మొహాన్నే చూస్తోంది. అక్క తెరని చూడట్లేదు, అమ్మనే చూస్తోంది. అరచెయ్యి లేస్తే ఆపేయడానికి నా వేలు బటన్ మీద ఉంది.

అమ్మ మైకు ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న భర్త వైపు వంగి, ఆయన చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. పైన తెర మీద ఆమె చెప్తోంది, కింద కుర్చీలో ఆమె చెప్తోంది. వీధిలో ఇంకెవరికీ వినపడలేదు. డ్రైవర్ సాబ్ కదలకుండా విన్నాడు.

"ఏమంటున్నదే డ్రైవర్ సాబ్?" అని ఒక దోస్తు అరిచాడు.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "సినిమా సూడు," అన్నాడు.

శాలువా కప్పడం, జిలేబీలు పంచడం అన్నీ అయ్యాయి. అందరూ వెళ్లాక మేం నలుగురం లోపల కూర్చున్నాం. ఆయన తుడిచిన కళ్లద్దాలే మళ్లీ తుడుస్తున్నాడు. నాకు భయమేసింది. అక్క మాత్రం ఎప్పటిలాగే అడిగింది. "తీసేయాల్సిందేమన్న ఉన్నదా అమ్మా?"

అమ్మ భర్త వైపు చూసింది.

"నన్ను జూస్తవేంది? అడిగింది నిన్ను," అన్నాడాయన.

ఆమె అక్క వైపు తిరిగి, "అన్ని ఉండనియ్యి బిడ్డా," అంది.

డ్రైవర్ సాబ్ లేచాడు. లోపలి గదిలో పెద్ద మంచం పక్కనే, సామాను పెట్టుకునే చిన్న మంచం ఒకటుంది. దాని మీది దుప్పట్లు, అట్టపెట్టెలు తీసి కింద పెట్టాడు. "తమ్మీ, జెర చెయ్యి వెయ్," అని నన్ను పిలిచాడు.

నాకు అర్థమైంది. నా చెయ్యి రికార్డర్ సంచి మీదికి పోయింది. ఇంతకంటే మంచి ముగింపు ఏ సినిమాకి దొరుకుతుంది? కెమెరా తియ్యి అన్నట్టు అక్క వైపు చూశాను. అక్క కెమెరా సంచి మెడలోంచి తీసి మూలన పెట్టింది. కొంగు బొడ్లో దోపుకుంది. వచ్చి మంచం కాళ్లవైపు పట్టుకుంది. ఆమె గురించి నన్నెవరైనా మళ్లీ అడిగితే ఇదొక్కటే చెప్తాను.

"ఏడికి?" అంది అమ్మ.

"ముందటి గదిలకు. పెద్ద మంచం నీది. నువ్వు గెట్ల పండుకుంటవో పండుకో."

మంచం గాల్లో ఉంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఆయన్నే చూసింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆమె మొహంలోకి.

"రోజు వద్దు," అంది. "వారంల మూడు రాత్రులు డ్యూటీకి పో. కడమ రాత్రులు ఇంట్ల ఉండు."

"మరి ఇయ్యాల?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. మేం ముగ్గురం మంచం పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాం.

"ఇయ్యాల ఇంట్లనే ఉండు," అంది.

మేం మంచం కింద పెట్టేశాం.